తొమ్మిది రోజులు దాచిన ఉత్తరం

ఆ ఏడు మూడో నెలలో రువాన్ రాణి పట్టుపురుగుల గుడ్లు అంటించిన కాగితాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, పది రోజులు రొమ్ముకు కట్టుకుని తిరిగింది. కుంపటి వేడి గుడ్లకు పనికిరాదు, మనిషి ఒంటి వేడే కావాలి. ఆ పది రోజులూ ఆమె వంగలేదు, బోర్లా పడుకోలేదు, పట్టపురాణి ముందు తప్ప ఎవరి ముందూ మోకరించలేదు. పుట్టిన ఊరు రెల్లురేవులో వాళ్లమ్మా ఇంతే. పిల్లలు ఒళ్లోకి దూకబోతే, "ఆగండర్రా, మీ చెల్లెళ్లున్నారిక్కడ" అని చెయ్యి అడ్డం పెట్టేది.

పదకొండో నాడు గుడ్లు చిట్లాయి. దారప్పోగుల్లాంటి నల్లటి పురుగులు కాగితం మీద కదిలాయి. రాణి బాతు ఈకతో వాటిని తట్టలోకి దులిపింది. అంతఃపురానికి వచ్చి పద్ధెనిమిదేళ్లయింది. అయినా చెయ్యి మరిచిపోలేదు.

ఏటా వసంతంలో అంతఃపురంలో పట్టుపురుగుల పండగ జరుగుతుంది. పట్టపురాణి బంగారు కొడవలితో మూడు ఆకులు కోస్తుంది. మిగతా రాణులు ఐదేసి కోస్తారు. తర్వాత అందరూ టీ తాగి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. పురుగుల్ని పెంచేది పనివాళ్లు. ఆ ఏడు దక్షిణాన పట్టు సరిగా పండలేదని చక్రవర్తి దిగులుపడి కొత్త ఆజ్ఞ వేశాడు. ఐదుగురు రాణులకు తలా ఒక తట్ట గుడ్లు. రాణులే తమ చేతులతో పెంచాలి. దాసీలు ఆకు తెచ్చి గుమ్మంలో పెట్టొచ్చు, అంతే. ఎవరి పట్టుగూళ్లు ఎక్కువ తూగితే వాళ్లు కోరింది ఇస్తానన్నాడు.

రువాన్ రాణి ఏం కోరుతుందో ఆమె దాసి యావోకు తెలుసు. ఒక్కసారి ఇంటికి వెళ్లి రావడం. పదహారో ఏట పల్లకీ ఎక్కిన మనిషి మళ్లీ అంతఃపురం గుమ్మం దాటలేదు. తల్లికి డెబ్భై ఒకటి. పోయిన చలికాలం ఎవరి చేతో రాయించి పంపింది. "కళ్లు కనపడటం లేదు. నువ్వొస్తే చేత్తో తడిమి చూసుకుంటాను" అని. ఆ ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయింది.

మిగతా నలుగురిలో రువాన్‌కు పడనిది యూచి రాణి. ఆమె సరిహద్దు సేనాపతి కూతురు. పొడగరి, గుర్రపు స్వారీ తెలిసిన మనిషి, నోరు పెద్దది. పన్నెండేళ్ల కిందట ఒక విందులో చక్రవర్తి వినేలా, "ఎక్కడో పురుగుల వాసన. రువాన్ చెల్లి వచ్చినట్టుంది" అంది. అందరూ నవ్వారు. చక్రవర్తీ నవ్వాడు. ఆ మాట పేరై కూర్చుంది. దాసీలు కూడా వెనకాల పురుగుల రాణి అనేవాళ్లు. ఏడాది తిరిగేసరికి రువాన్‌కు గోడ పక్కన ఎండ పడని ఇల్లు ఇచ్చారు.

రువానూ ఊరుకోలేదు. యూచి తెల్లవారుజామున చక్రవర్తి గుర్రాన్ని తోటలో తోలిందని ఆరేళ్ల కిందట పట్టపురాణి చెవిన వేసింది. యూచికి మూడు నెలలు గది దాటకూడదని శిక్ష పడింది. శిక్షలో ఉన్నవాళ్లకు ఉత్తరాలు ఇవ్వరు. బయటి నుంచి వచ్చే ఉత్తరాలు ముందు చదివి తర్వాత పంచే పని రాణులకు నెలకొకరికి వంతు. ఆ నెల వంతు రువాన్‌ది. యూచి పుట్టింటి ఉత్తరాన్ని ఆమె చదవనైనా చదవకుండా పెట్టెలో వేసి తాళం వేసింది. అందులో యూచి తల్లి పోయిన వార్త ఉంది. అది యూచికి మూడు నెలలు పోయాక అందింది.

అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే వంగి మర్యాద చేసుకునేవాళ్లు. మాట ఉండేది కాదు.

ఈ ఏడు నాలుగో నెల ఉత్తరాల వంతు యూచిది.

పురుగులు కుబుసం విడిచే మూడో నిద్రకు వచ్చేసరికి యూచి తట్ట ఖాళీ అయింది. పట్టు దేవతకు ప్రీతి అని ఆమె పురుగుల గదిలో మేలురకం చందనపు ధూపం వేయించింది. పట్టుపురుగుకు వాసన గిట్టదు. పొద్దున్నే చూస్తే అన్నీ పసుప్పచ్చగా సాగి పడి ఉన్నాయి. ఈ కబురు విని రువాన్ మూడు రోజులు లోపల్లోపల నవ్వుకుంది.

నాలుగో నిద్ర లేచాక రువాన్ పురుగులు చిటికెన వేలంత అయ్యాయి. ఆకు వేస్తే గదంతా ఎవరో నూకలు చెరుగుతున్న చప్పుడు. ఆమె పీట వేసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చునేది. కళ్లు మూసుకుంటే రెల్లురేవే. అమ్మ తలకు గుడ్డ చుట్టుకుని తట్టల మధ్య పక్కకు తిరిగి నడిచేది. ఎంత సన్నటి సందైనా కొంగు తట్టకు తగలనిచ్చేది కాదు. పట్టుపురుగుల నెలలో ఊళ్లో ప్రతి తలుపుకూ ఎర్రకాగితం. ఎవరూ ఎవరింటికీ రారు. గట్టిగా మాట్లాడకూడదు, ఏడవకూడదు. చావు మైల ఉన్నవాళ్లు ఆ గది గడప తొక్కకూడదు, తొక్కితే పురుగు గూడు కట్టదు. పక్కింటి ఆవిడ మొగుడు పోయిన ఏడు, ఆవిడ నెల రోజులు వీళ్ల గుమ్మం ముందు నుంచి నడవలేదు. చుట్టూ తిరిగి నీళ్లకు పోయేది. అమ్మ రోజూ ఒక ముంత గంజి గోడ మీద పెట్టి వచ్చేది.

ఒక మధ్యాహ్నం యూచి రాణి వచ్చి గుమ్మం బయట నిలబడింది. తలకు నూనె లేదు, బట్టలకు అత్తరు లేదు. ఉతికిన నూలుబట్ట కట్టుకుంది.

"లోపలికి రాను. భయపడకు" అంది.

"మీరొస్తే నాకెందుకు భయం అక్కా" అంది రువాన్, లేవకుండానే.

"ఇదేనా చప్పుడు? నావి ఇంత తినలేదు."

"ధూపం తిన్నాయిగా."

యూచి ఆ మాటకు కోపగించుకోలేదు. "గెలిస్తే ఏం అడుగుతావు?" అంది.

"మీకు చెబితే అది కాస్తా చెడిపోతుంది."

"ఇంటికెళ్తానంటావు. అంతఃపురంలో రాళ్లకు కూడా తెలుసు." గుమ్మం చెక్కను గోటితో గీకింది. నాలుగేళ్లుగా పెంచిన గోళ్లు, వేలెడు పొడుగు. "మీ అమ్మ ఎలా ఉంటుంది?"

ఎందుకు అడుగుతోందో రువాన్‌కు అర్థం కాలేదు. చెప్పకూడదనుకుంది. కానీ పద్ధెనిమిదేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. "పొట్టిగా ఉంటుంది" అంది. "నడిస్తే చప్పుడు కాదు. ముల్లంగి ఊరగాయ వేస్తే వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వస్తారు. నన్ను పల్లకీ ఎక్కించిన రోజు ఏడవలేదు. పురుగులు నాలుగో నిద్రలో ఉన్నాయి, ఏడిస్తే వాటికి చెరుపని. నేనూ ఏడవలేదు."

యూచి ఏదో అనబోయి మానేసింది. "సరే, పురుగుల్ని చూసుకో" అని వెళ్లిపోయింది. గూఢచారి పని చేయడానికి వచ్చి ఉంటుందనుకుంది రువాన్. కీడు పోవాలని యావోతో గుమ్మం ముందు ఉప్పు చల్లించింది.

తొమ్మిది రోజుల తర్వాత పురుగులు పండాయి. ఒళ్లు అద్దంలా మెరుస్తోంది. తినడం మానేసి తలలెత్తి గాలిలో వెతుకుతున్నాయి. ఇక వాటిని ఒక్కొక్కటిగా ఏరి వరిగడ్డి గుత్తుల మీద ఎక్కించాలి. ఒక్క పూటలో అయిపోవాలి. ఆలస్యమైతే తట్టలోనే దారం పారబోసుకుంటాయి. రువాన్ చేతులు కడుక్కుని గదివైపు వస్తుంటే యూచి వాకిట్లో ఎదురైంది. చేతిలో ఉత్తరం.

"పురుగులు పండాయని యావో చెప్పింది" అంది యూచి. "పని అయిపోయిందిగా. కూర్చుని చదువుకో."

రువాన్ నిలబడే చదివింది. అక్షరాలు అన్న కొడుకువి. నాయనమ్మ పోయింది. చివరి రోజు కూడా తడుముకుంటూ మల్బరీ ఆకు కోసి ఇంటికి వచ్చింది. శవపెట్టెను నలభై తొమ్మిది రోజులు ఇంట్లోనే ఉంచుతాం. తర్వాత కొండ మీద పూడుస్తాం. తారీఖు చూసుకుంది. అమ్మ పోయి ఇరవై ఒక్క రోజులు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిది రోజులైంది."

"తొమ్మిది రోజులు." రువాన్ గొంతు పెంచలేదు. పక్కనే పురుగుల గది. "ఆరేళ్లు కాచుకుని కూర్చున్నారు. బాకీ తీర్చుకున్నారు."

"తిక్కదానా" అంది యూచి, అంతే మెల్లగా. "ఆ రోజే ఇచ్చి ఉంటే ఏం చేసేదానివి? మైలతో ఆ గది గడప తొక్కేదానివా? తట్ట గాలికి వదిలేసి గదిలో పడి ఏడ్చేదానివి. ఇక ఇంటికి వెళ్లడమూ లేదు, ఏమీ లేదు. ఇప్పుడు గూళ్లు తూస్తారు, గెలుస్తావు, పడవెక్కుతావు. పెట్టె పూడ్చేలోపు మీ అమ్మను చూస్తావు. నేను లెక్కేశాను. ఉత్తరం దాచానని తెలిస్తే నాకు నీ పక్క ఇల్లే ఇస్తారు. తెలిసీ దాచాను."

రువాన్ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత గది వైపు చూసింది.

"అయిపోలేదు అక్కా" అంది.

"ఏంటి?"

"పని. అసలు పని ఇప్పుడే. గడ్డి మీద ఎక్కించాలి. మధ్యాహ్నంలోపు."

యూచి గది వైపు తొంగి చూసింది. తర్వాత, "పండాయంటే కోసుకోవడమే అనుకున్నాను. పండ్లు కావా?" అంది.

ఇంకెప్పుడైనా అయితే రువాన్ నవ్వేది.

"వెళ్లు మరి, ఎక్కించు" అంది యూచి. "తొమ్మిది రోజులు మైలలోనే తిరిగావు. పురుగులకేం కాలేదు. ఇంకో పూటకు ఏమవుతుంది?"

"అప్పుడు నాకు తెలీదు."

"పురుగులకు మాత్రం తెలుసా?"

"నాకిప్పుడు తెలుసుగా" అంది రువాన్. మా అమ్మ నేర్పిందని ఆమె అనలేదు. అనక్కరలేకపోయింది. గడపకు నాలుగడుగుల దూరంలో నిలబడిపోయింది. ఒక్క అడుగు ముందుకు వేయలేదు. లోపల పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి.

యావో వచ్చి నిలబడింది కానీ ఏమీ చేయలేదు. దాసి చెయ్యి తగిలితే తట్ట పోటీలోంచి తీసేస్తారు.

యూచి కాసేపు తన చేతులు చూసుకుంది. "రాణుల చేతులు అన్నారు చక్రవర్తి. ఏ రాణివి అనలేదు కదా" అంది. యావో వైపు తిరిగి, "కత్తెర తే" అంది. పది గోళ్లూ టకటకా కత్తిరించి కింద పడేసింది. ఉంగరాలు తీసి యావో చేతిలో వేసింది. చేతులు కడుక్కుని గడప దాటింది.

రువాన్ కిటికీ కింద కూర్చుంది. కాగితపు తెర కొద్దిగా పైకి ఎత్తి ఉంది.

"పట్టుకుంటే మెత్తగా ఉందే. కదులుతోంది" అంది లోపల్నుంచి యూచి. పెద్ద పెద్ద గుర్రాలను లొంగదీసిన మనిషి గొంతు వణికింది.

"వేళ్లతో నొక్కొద్దు. అరచేతిలోకి దొర్లించుకోవాలి. తల పైకి ఉండాలి."

"తల ఏదో తోక ఏదో."

"వెతికేది తల."

"ఇది నన్నే వెతుకుతోంది. నా చేతి మీదే గూడు కడుతోంది."

"కట్టదు. గడ్డి మీద పెట్టు. వేలెడు ఎడం వదిలి రెండోది."

"నువ్వు అంటున్నావే నన్ను. పన్నెండేళ్లలో ఎప్పుడూ మీరే."

"ఎడం చూసుకో" అంది రువాన్.

అలా మధ్యాహ్నం దాకా సాగింది. రువాన్ నోటి నుంచి అమ్మ మాటలు అమ్మ వరసలోనే వచ్చాయి. ఊపిరి తట్ట మీద పడనివ్వొద్దు. పచ్చగా ఉన్నదాన్ని తోసెయ్యి. తొందరపడొద్దు, ఆలస్యం చెయ్యొద్దు. చెబుతూ చెబుతూ మధ్యలో ఒకసారి ఆగిపోయింది. పెదవి కొరుక్కుని కూర్చుంది. గదికి ఏడుపు వినపడకూడదు. లోపల్నుంచి యూచి, "ఉన్నావా?" అంది. "ఉన్నాను. రెండో గుత్తికి వెళ్లు" అంది రువాన్.

చివరికొచ్చేసరికి పురుగులు తొందరపెట్టాయి. తట్టలోనే దారం తీయడం మొదలుపెట్టాయి. యూచి కంగారులో రెండేసి మూడేసి కలిపి ఎక్కించేసింది. ఎడం ఉందా అని రువాన్ అడిగింది. ఉందని యూచి చెప్పింది. బయటికి వచ్చాక రెండు చేతులూ తన ముఖం ముందు పెట్టుకుని చూసుకుంది. "వాసన లేదే వీటికి. అసలు ఏ వాసనా లేదు" అంది.

ఏడో రోజు గూళ్లు తూచారు. తూచింది పట్టపురాణి పట్టుశాలను చూసే జియాంగ్ అవ్వ. ముప్ఫై ఏళ్లుగా గూళ్లు తప్ప ఇంకేమీ చూడని మనిషి. ఐదుగురు రాణులూ వరసగా నిలబడ్డారు. యూచి ముందు ఖాళీ బుట్ట. రువాన్ బుట్ట అన్నింటికన్నా ఎత్తుగా ఉంది. యావో తలుపు దగ్గర నిలబడి అప్పుడే కళ్లు తుడుచుకుంటోంది. రాజధాని రేవు నుంచి రెల్లురేవుకు పడవలో ఇరవై రోజులు. అమ్మ పోయి ఇరవై ఎనిమిది. ఆ సాయంత్రమే బయల్దేరితే ఒక రోజు మిగులుతుంది.

అవ్వ తూచే ముందు ఒక్కో గూడునూ చేతిలోకి తీసుకుని చూసింది. కొన్నింటిని పక్కకు వేస్తోంది. బొద్దుగా, మొరటుగా, మామూలు గూటికి ఒకటిన్నర రెట్లున్నవి. రువాన్ వాటిని గుర్తుపట్టింది. జంట గూళ్లు. ఇరుకైతే రెండు పురుగులు కలిసి ఒకే గూడు కడతాయి. రెండు దారాలు చిక్కుపడి ఉంటాయి కనుక తీయడానికి రాదు. పట్టుకింద లెక్కకు రాదు.

"ఎన్ని అవ్వా?" అంది పట్టపురాణి.

"అరవై పైన ఉన్నాయమ్మా. మూడో వంతు. మంచి చేతిపని, చివర్లో చెడింది."

యూచి తల దించుకుంది. జంట గూళ్లు పోగా రువాన్ బుట్ట పంతొమ్మిదేళ్ల దూ రాణి బుట్ట కన్నా గుప్పెడు తక్కువ తూగింది. దూ రాణి చప్పట్లు కొట్టి, మాట్లాడే చిలుక కావాలంది. అప్పుడు రువాన్ ముందుకు వచ్చి మోకరించి, తల్లి పోయిన సంగతి పట్టపురాణికి చెప్పుకుంది. పట్టపురాణి ముఖం కొంచెం మెత్తబడింది. అంతఃపురంలో చక్రవర్తి బతికుండగా చావుకు కట్టే తెల్లబట్ట కట్టకూడదు. తన ఇంటి ఆవరణలో మూడు రోజులు కట్టుకోమంది. బయటికి పంపే వీలు మాత్రం లేదంది. ఉత్తరం ఎప్పుడొచ్చిందని అడగలేదు. రువాన్ చెప్పలేదు.

లేచేటప్పుడు రువాన్, "ఆ జంట గూళ్లు నాకు ఇప్పించండి" అంది.

"ఏం చేసుకుంటావమ్మా వాటిని?" అంది జియాంగ్ అవ్వ. "దారం రాదుగా."

"పట్టు దూది చేస్తాను."

అవ్వ ఆమెను ఒక్క క్షణం చూసి, బుట్ట ఖాళీ చేసి గూళ్లన్నీ మూట కట్టి ఇచ్చింది. అవ్వదీ ఆ వైపు ఊరే అయి ఉంటుంది.

మర్నాడు పొద్దున్న యూచి వచ్చేసరికి రువాన్ ఎండ పడని ఇంటి వాకిట్లో తెల్లబట్టలో కూర్చుని ఉంది. గూళ్లను బూడిద నీళ్లలో ఉడికించి, చీల్చి, ఒక్కోదాన్ని వెదురు విల్లు మీద సాగదీస్తోంది. యూచి ఎదురుగా చతికిలబడింది.

"మూడో వంతు నేనే చెడగొట్టాను" అంది. "ఎడం ఉందని అబద్ధం చెప్పాను. చూసే తీరిక లేదు."

"తెలుసు. గొంతులోనే తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు తిట్టలేదు?"

"తిడితే మానేసి బయటికి వచ్చేస్తావని."

యూచి ముక్కుతో నవ్వింది. విల్లు మీది దూదిని చూపించి, "ఇదెందుకు?" అంది.

"మా వైపు తల్లి పోతే కూతురు దూది తీసి పెట్టెలో పైన కప్పుతుంది. నలుగురు కూతుళ్లుంటే నాలుగు పొరలు. అమ్మకు కూతుర్ని నేనొక్కదాన్నే. ఎవరూ కప్పి ఉండరు. ఉత్తరాలు మోసే వాహకుడు గుర్రం మీద పోతే పన్నెండు రోజుల్లో చేరతాడు."

"ఈ నెల వాహకులు నా చేతిలోనే ఉన్నారు" అంది యూచి. "ఇంకో ఆరు రోజులు. పంపుతాను."

"ఇది ఒక్క మనిషి పని కాదు. ఆ రెండు మూలలూ పట్టుకో. నేను లాగితే నువ్వు వదలకూడదు. నేను వదిలితే నువ్వు లాగకూడదు."

ఇద్దరూ లేచి నిలబడ్డారు. తడి దూది నాలుగు చేతుల మధ్య సాగింది. గుప్పెడు గూడు దుప్పటంత అయింది. అటు పక్కనున్న మనిషి ముఖం అందులోంచి మంచులోంచి కనిపించినట్టు కనిపించింది. మొదటి రెండింటినీ యూచి చింపింది. మూడోది నిలిచింది. గోళ్లుంటే అదీ చిరిగేది.

మూడు రోజులు అదే పని. మూడో నాటి మధ్యాహ్నం దూది ఆరింది. తొమ్మిది పొరలు. మడిచి మూట కట్టారు. యూచి చీటీ తీసి కలం పట్టుకుంది.

"ఎవరు పంపుతున్నారో రాయాలి. రువాన్ రాణి అని రాయనా?"

"ఆ పేరు అమ్మకు తెలీదు" అంది రువాన్. కాస్త ఆగి, "ఆహెంగ్ అని రాయి" అంది. అన్నాక ఆ పేరు తన నోట్లోనే కొత్తగా అనిపించి ఊరుకుంది.

యూచి రాసింది. "ఇల్లు ఎక్కడో చెప్పు. వాహకుడు వెతుక్కోవాలిగా."

"రేవు దిగగానే కుడిచేతి గట్టు. మూడో సందు. మాది కాలువ వైపు వాకిలి. వాకిట్లో రాతిమెట్లు అయిదు. కింది మెట్టు విరిగింది. అమ్మ దాని మీదే కూర్చుని ముల్లంగి కడిగేది."

"రాశాను. చాలు."

"తలుపుకు ఎడమపక్క పొట్టి మల్బరీ చెట్టు ఉంటుంది. నా చిన్నప్పుడు పిడుగు పడి సగం పోయింది. మిగతా సగానికే ఆకు వచ్చేది. పురుగులు ఆ చెట్టాకే ఎక్కువ తినేవి, ఎందుకో. మధ్యాహ్నం పూట పడవలవాళ్లు వాకిట్లో ఆగి నీళ్లు అడిగేవాళ్లు. అమ్మ ముంత ఇచ్చి, ముందు కాళ్లు కడుక్కోండి అనేది. ఎందుకని ఒకడు అడిగితే..."

యూచి ఎప్పుడో కలం పక్కన పెట్టేసింది. మూట మీద చెయ్యి వేసుకుని, రువాన్ చెబుతుంటే వింటోంది.